నాన్న 1982లో నాంపల్లిలో తిన్న బిస్కెట్: పేరు తెలియదు, పొరలు పొరలుగా రాలుతుందట

కృష్ణలంక అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉద్యోగం కోసం వచ్చి మూడేళ్లుగా మల్కాజిగిరిలో ఉంటున్నాను. వచ్చే వారం అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు, పది రోజులుంటారు. నాకు సెలవు దొరికేవి మాత్రం రెండు ఆదివారాలే. గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, ట్యాంక్‌బండ్ ఇంతకుముందే చూపించేశాను. ఈసారి నాన్న తనంతట తానుగా ఒకటి అడిగారు. "నాంపల్లిలో ఒక బిస్కెట్ ఉండేది, అది తినిపించమ్మా" అని.

కథేంటంటే, నాన్న 1982లో బ్యాంకు పరీక్షలకి చదువుకుందామని వచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గర సందులో ఓ లాడ్జిలో ఎనిమిది నెలలున్నారు. ఒక గదిలో నలుగురు. సాయంత్రం కింద ఉన్న ఇరానీ హోటల్లో ఇద్దరికి ఒక టీ, ఒకరికి కప్పులో, ఇంకొకరికి సాసర్లో. చేతిలో డబ్బులాడిన రోజు దాంతోపాటు ఒక బిస్కెట్. ఉద్యోగం రాలేదు. తిరిగొచ్చి తాతయ్య ఎరువుల కొట్లో కూర్చున్నారు. ఆ బిస్కెట్‌ని మాత్రం మర్చిపోలేదు. పేరు ఆయనకి అప్పుడూ తెలియదు. హిందీ రాదు కదా, గాజు సీసా వైపు వేలు చూపిస్తే సర్వర్ తీసిచ్చేవాడట.

నేను సహజంగానే ఉస్మానియా బిస్కెట్ అనుకున్నాను. మూడుసార్లు మూడు చోట్ల నుంచి డబ్బాలు పట్టుకెళ్లాను. ప్రతిసారీ మర్యాదకి రెండు తిని, "బాగుందమ్మా. కానీ ఇది కాదు. ఇది కరుగుతుంది, అది రాలేది" అంటారు. కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్ ఇస్తే అసలు నోట్లోనే పెట్టుకోలేదు, రంగు చూసే కాదన్నారు. ఆయన చెప్పే గుర్తులు ఇవి. అరచేతిలో సగం ఉంటుంది. పైన చక్కెర పలుకులు కరిగి గాజు పెంకులా అంటుకుని ఉంటాయి. నడుమ మెలి తిప్పినట్టు ఉంటుంది. కొరికితే చొక్కా నిండా పొట్టు.

ఇక ఇబ్బందులు. అమ్మ గుడ్డు తినదు, తినకపోవడమే కాదు, బేకరీ గుమ్మం ఎక్కగానే "వాసనొస్తోంది" అంటుంది. పైగా కార్తీకమాసం, సోమవారాలు ఉపవాసం, నెలంతా ఉల్లి వెల్లుల్లి లేవు. నాన్నకి కింది వరసంతా కట్టుడు పళ్లు. షుగర్ ఉంది కానీ ఒకటీ అరా తింటే ఫర్వాలేదన్నారట డాక్టర్ గారు (అన్నారని నాన్న చెప్పారు, నేను వినలేదు). ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. మాకు కారు లేదు, మెట్రో, ఆటోలే గతి.

మా వీధి చివర బేకరీలో అడిగి చూశాను. "అలాంటివి ఇప్పుడెవరూ తినడం లేదు మేడమ్, పఫ్ తీసుకోండి" అన్నాడు. పొద్దుటిదో నిన్నటిదో, మైక్రోవేవ్‌లో తిప్పి ఇచ్చాడు. కొరికితే తోలు చెప్పులా సాగింది.

ఆ బిస్కెట్ ఏదో ఎవరైనా చెప్పగలరా? అది దొరికినా దొరక్కపోయినా, ఈ ముగ్గురం కలిసి కూర్చుని ఏదో ఒకటి తినగలిగే చోటు చెప్పినా చాలు.


రెడ్‌హిల్స్ రాత్రి డ్యూటీ

బిస్కెట్ సంగతి తెలియదు గానీ టీ గురించి రెండు ముక్కలు చెప్తాను. పదకొండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆస్పత్రుల ల్యాబుల్లో పని నాది. తెల్లారి డ్యూటీ దిగాక ఇరానీ టీ తాగకపోతే ఇంటికి దారి కనబడదు.

నీలోఫర్ ఆస్పత్రి దగ్గరి కేఫ్ నీలోఫర్ 1978 నుంచి ఉంది. ఇప్పుడు ఊరంతా పెద్ద పెద్ద అద్దాల బ్రాంచీలు పెట్టారు, మీరు మాత్రం రెడ్‌హిల్స్‌లోని పాతదానికే రండి. లక్డీకాపూల్ మెట్రోలో దిగితే ఆటోకి ఎక్కువ దూరం లేదు. ఆదివారం ఎనిమిది దాటాక వస్తే మాత్రం పెళ్లి భోజనాల్లో రెండో బంతి కోసం నిలబడ్డట్టు ఒకరి కుర్చీ వెనక ఒకరు నిలబడాలి. ఏడింటికల్లా రండి.

మీ నాన్నగారి పళ్లకి బన్ మస్కా సరిగ్గా సరిపోతుంది. మెత్తటి బన్ను, మధ్యలో వెన్న. టీలో ఒక్క క్షణం ముంచితే నమలక్కర్లేదు. బన్నులో గుడ్డు వేస్తారో లేదో కౌంటర్లో అడిగాకే మీ అమ్మగారికి ఇవ్వండి.

షుగర్ అన్నారు కాబట్టి ఇంకొకటి. ఇరానీ టీకి పాలు ఒక గిన్నెలో గంటలకొద్దీ మరుగుతూ చిక్కబడుతూ ఉంటాయి. డికాక్షన్ వేరే పాత్రలో, మూత బిగించి దమ్ మీద ఉంటుంది. కప్పులో రెండూ కలుపుతారు. చాలా చోట్ల చక్కెర ఆ డికాక్షన్‌లోనే పడిపోయి ఉంటుంది. కాబట్టి "భయ్యా, చక్కెర తక్కువ" అని మీరు ఎంత చెప్పినా అతను తల ఊపుతాడు, అదే టీ ఇస్తాడు. వన్ బై టూ చెప్పండి. 1982లో తాగినట్టే తాగుతారు, షుగరూ సగమే వెళ్తుంది. పౌనా మాత్రం చెప్పొద్దు. పాలు ఎక్కువ పోసి చిక్కగా ఇస్తారు, పెద్దవాళ్లకి బరువు.


భట్టీ పక్కిల్లు

కృష్ణలంక గారూ, అది టై బిస్కెట్. ఇక వెతక్కండి.

మా మేనమామ చిలకలగూడలో ఒక బేకరీలో ముప్ఫై ఏళ్లు మాస్టర్‌గా చేశాడు. మా ఇల్లు ఆ భట్టీ గోడకి ఆనుకునే ఉండేది. చలికాలంలో మా అమ్మ బట్టలు ఆ గోడకేసి ఆరబెట్టేది. బడికి వేసుకెళ్లే చొక్కా దగ్గర ఎప్పుడూ బన్ను వాసనే, పక్క బెంచీవాళ్లకి పదింటికే ఆకలేసేది.

మీ నాన్నగారు "ఇది కరుగుతుంది, అది రాలేది" అన్నారు చూడండి, మాస్టర్లు కూడా అంత బాగా చెప్పలేరు. ఉస్మానియాలో మైదా, కొవ్వు, పంచదార, పాలపొడి, కస్టర్డ్ పౌడర్, కాస్త ఉప్పు, అన్నీ కలిపి ఒకే ముద్ద చేస్తారు. పొరలుండవు, కాబట్టి నోట్లో కరుగుతుంది. తీపి వెనకాల ఉప్పు తగులుతుంది. టై బిస్కెట్ అలా కాదు. మైదాని నీళ్లతో, ఉప్పుతో గట్టిగా పిసికి బల్ల మీద దుప్పటిలా పరుస్తారు. దాని మీద డాల్డా పూసి మడత పెడతారు. మళ్లీ పరుస్తారు, మళ్లీ మడత. మధ్యలో పిండిని కాసేపు పడుకోనివ్వాలి, లేకపోతే సాగదు, రబ్బరులా వెనక్కి లాక్కుంటుంది. ఆఖరున పైన చక్కెర చల్లి, రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా కోసి, నడుమ ఒక్క తిప్పు తిప్పుతారు. బో టై ఆకారం వస్తుంది. ఆ పేరు అందుకే. భట్టీలో పొరల మధ్య తడి ఆవిరై ఒక్కో పొరనీ పైకి లేపుతుంది. పైన చక్కెర కరిగి ఎర్రబడి అద్దంలా గట్టిపడుతుంది. మామయ్య ఆ తిప్పు ఒంటి చేత్తో, బీడీ కాలుస్తూ తిప్పేవాడు (ఇది ఆరోగ్య శాఖ వాళ్లు చదవకూడదు).

ఇప్పుడు అసలు విషయం. "ఏ బేకరీ?" అని అడగకండి, "ట్రే ఎన్నింటికి దిగుతుంది?" అని అడగండి. పొరల బిస్కెట్‌కి తేమ శత్రువు. గాలికి వదిలేస్తే పూట తిరిగేసరికి మెత్తబడుతుంది. వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టేస్తే ఇంకా ముందే పోతుంది. పేరున్న షాపులో మూడు రోజుల ప్యాకెట్ కంటే, పేరు లేని గల్లీ బేకరీలో ఇప్పుడే దిగిన ట్రే మేలు. కట్టెల భట్టీ ఉన్న చోట ముందు బన్నులు, రొట్టెలు కాలుస్తారు, తర్వాత బిస్కెట్లు, చివరికి మిగిలిన వేడిలో రస్కులు ఆరబెడతారు. పొద్దున బన్నులు దిగాక ఒక గంటకి వెళ్లి చూడండి. కాగితం సంచిలో పోయించుకోండి.

నాంపల్లి, బజార్‌ఘాట్ వైపు ఇంకా అలాంటి చిన్న బేకరీలున్నాయి. సుభాన్ బేకరీ కూడా నాంపల్లిలోనే. ఎలాగూ అక్కడిదాకా వెళ్తున్నారు కాబట్టి ఉస్మానియా మాత్రం అక్కడ కొనండి, మీ నాన్నగారికి కాదు, మీకు.

అమ్మగారి విషయం. టై బిస్కెట్ పిండిలో గుడ్డుతో పని లేదు. కానీ పఫ్‌ల మీద మెరుపు కోసం కొందరు గుడ్డుసొన బ్రష్‌తో పూస్తారు, అదే బ్రష్ పక్క ట్రే మీదికి కూడా వెళ్తుంది. కాబట్టి "గుడ్డు వేస్తారా" అని కాదు, "పైన పూస్తారా" అని అడగండి. వేస్తారా అంటే నిజాయితీగానే లేదంటారు.

మైక్రోవేవ్ పఫ్ తోలులా సాగడానికీ కారణం ఇదే. లోపలి కూరలో తడి అంతా ఆవిరై పొరల్ని తడిపేస్తుంది. ఇంట్లో అయితే పెనం మీద, మూత పెట్టకుండా, సన్నసెగన రెండు వైపులా తిప్పండి.


పాతబస్తీ అల్లుడు

అక్కా, భట్టీ అన్న చెప్పిందే కరెక్ట్, టై బిస్కెటే. మా అత్తగారింట్లో రంజాన్‌కీ బక్రీద్‌కీ సంబంధం లేకుండా రోజూ డబ్బాలో ఉంటుంది. పక్కన చాంద్ బిస్కెట్ కూడా ఉంటుంది, చందమామ ముక్కలా.

నేను నల్లగొండ నుంచి వచ్చి పురానీ హవేలీ దగ్గర ఇంటికి అల్లుణ్ణయ్యాను. పెళ్లయిన మర్నాడు పొద్దున మామగారు లేపి "నడువు" అన్నారు. ఎక్కడికో చెప్పలేదు. తీసుకెళ్లి మున్షీ నాన్ ముందు నిలబెట్టారు. 1851లో నిజాం దఫ్తరులో మున్షీగా పనిచేసిన ఆయన మొదలుపెట్టింది, ఆ ఉద్యోగం పేరే కొట్టుకి పడింది. అక్కడ కూర్చోవడాలు లేవు. తందూరులో నుంచి ఇనప చువ్వలతో లాగి ఇస్తుంటారు, కాగితంలో చుట్టుకుని పోవడమే. నాలుగు మూలలుంటాయి, అందుకని చార్ కోనీ నాన్ అంటారు. అంచు కరకర, నడుమ దూది. ఇక్కడివాళ్లు నహారీలో (మాంసం పులుసు) ముంచి తింటారు. నేను ఇంటికి తెచ్చి మామిడికాయ పప్పుతో తింటాను. మొదటిసారి చూసి మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కొంచెం పప్పు ఇటు పెట్టమన్నారు. మీ అమ్మగారికీ ఇదే చెప్పండి, పిండిలో ఏం వేస్తారో అడిగి, ఇష్టమైతే ఇంటికి తెచ్చుకుని పప్పులో.

నాన్నగారికి మాంసం అలవాటుంటే లుక్మీ వెతకండి. నలుచదరంగా, మైదా పొరలో ఖీమా. సమోసాకి దూరపు చుట్టం. పెళ్లిళ్లలో ఎక్కువ దొరుకుతుంది, బేకరీల్లో తక్కువ.

చార్మినార్ దగ్గర నిమ్రా కేఫ్‌కి పోవాలంటే తెల్లవారుజామునే పోండి. మక్కా మసీదు పక్కనే, చేతిలో టీ, కళ్లెదురుగా చార్మినార్. పదకొండు తర్వాత అయితే కళ్లెదురుగా ఫోన్లు పైకెత్తిన చేతులే కనిపిస్తాయి. కాకపోతే నిలబడి తాగాల్సి రావచ్చు, మోకాళ్లు అన్నారు కదా, ఆలోచించుకోండి. మెట్రో చార్మినార్ దాకా లేదు.

మీకు నాంపల్లి నుంచి దగ్గరయ్యేది మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, నడుమ గడియారం గోపురం. లోపల ఆవరణలో ఫేమస్ ఐస్‌క్రీమ్, 1951 నుంచి. బయట వేసిన కుర్చీల్లో కూర్చోవచ్చు. ఇప్పుడు సీతాఫలం రోజులు, అదే చెప్పండి. కరాచీ బేకరీ కూడా 1953లో పుట్టింది ఈ మార్కెట్ దగ్గరే, దేశ విభజనప్పుడు సింధ్ నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ పెట్టింది. ఊరు వదిలొచ్చిన మనిషి కొట్టుకి ఊరి పేరు పెట్టుకున్నాడు.


చిక్కడపల్లి పెద్దమ్మ

అమ్మాయ్, అందరూ మీ నాన్న బిస్కెట్ గురించే రాస్తున్నారు. మీ అమ్మ ఏం తింటుందని ఒక్కరూ ఆలోచించినట్టు లేదు. అల్లుడుగారు పప్పు అన్నారు, అదొక్కటే నయం.

నేను ముప్ఫై రెండేళ్లు బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. మా ఆయన ఎక్కడికి తీసుకెళ్లినా మిర్చీ బజ్జీ, ఇరానీ చాయ్. నేను పక్కన పర్సు పట్టుకుని కూర్చునేదాన్ని. "నీకేం కావాలి?" అంటారు, అక్కడ నాకు కావలసింది ఉండదని తెలిసీ. మీ అమ్మని అలా కూర్చోబెట్టకు.

ఆబిడ్స్‌లో తాజ్‌మహల్ హోటల్ ఉంది. పాతది, శాకాహారం. మీ అమ్మకి ఇడ్లీ కనబడితే గానీ మనసు కుదుటపడదు, నాకు తెలుసు, నేనూ అంతే. ముందు అక్కడ టిఫిన్ తినిపించు, కాఫీ తాగించు. కడుపు నిండిన మనిషి బేకరీ గుమ్మంలో నిలబడ్డా వాసన అనదు. నెలంతా ఉల్లి వెల్లుల్లి లేదన్నావు కాబట్టి సాంబారు వద్దు. ఇడ్లీ, కొబ్బరి చట్నీ, అదీ వెల్లుల్లి వేశారో లేదో అడిగి. పెరుగు తెప్పించు.

ప్యాకెట్ కొంటే పచ్చ చుక్క ఉందో లేదో చూడు. గుడ్డు పడితే మన దేశంలో పచ్చ చుక్క వేయకూడదు. విడిగా తూచి ఇచ్చేవాటికి చుక్కలుండవు, నోరుండాలి.

ఇంకొకటి ఎవరూ రాయలేదు, నేనే రాస్తున్నా. ఈ వయసులో బయటికి వెళ్తే ముందు చూసుకోవలసింది బాత్రూమ్. పాత ఇరానీ హోటళ్లని నమ్ముకోకు. మెట్రో స్టేషన్‌లో దిగగానే ఇద్దరినీ ఒకసారి వెళ్లి రమ్మను.


కొండాపూర్ కుర్రాడు

అందరూ పాతబస్తీలోనే ఉండిపోయారు. ఇటు బంజారాహిల్స్ కూడా హైదరాబాదే! రోడ్ నంబర్ 14లో రోస్టరీ కాఫీ హౌస్ ఉంది, పాత బంగళా, చెట్ల కింద కూర్చోవచ్చు. క్రొసాంట్ తినిపించండి అంకుల్‌కి. అది కూడా పొరలు పొరలుగా రాలేదే కదా, డాల్డా బదులు వెన్న, అంతే తేడా. బడ్జెట్ తక్కువైతే రోడ్ నంబర్ 1 దగ్గర లామకాన్. 2010 నుంచి ఉంది, నాటకాలూ చర్చలూ జరుగుతుంటాయి, క్యాంటీన్‌లో టీ, సమోసా చవక. పెద్ద బండరాయి పక్కన కూర్చోవచ్చు.


భట్టీ పక్కిల్లు

తమ్ముడూ, పొరల సూత్రం ఒకటే, ఒప్పుకున్నా. కానీ క్రొసాంట్ పిండి పులుస్తుంది, ఇది పులవదు. అది మెత్తగా సాగి రాలుతుంది, ఇది విరిగి రాలుతుంది. వాళ్ల నాన్నగారు మళ్లీ "బాగుందమ్మా, కానీ ఇది కాదు" అంటారు, బిల్లు మాత్రం నాలుగు వందలు దాటుతుంది.


కృష్ణలంక అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. పెద్దమ్మ గారూ, మీరు రాసింది చదివి కాస్త సిగ్గుపడ్డాను. అమ్మకి ఫోన్ చేసి "నీకేం కావాలి?" అని అడిగితే, "నాకేం వద్దు, మీ నాన్నకి చూడు" అంది. ఆ మాట ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను, నిజమనుకున్నాను.

మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి నాంపల్లిలో దిగుతాం. వెళ్లొచ్చాక రాస్తాను.


కృష్ణలంక అమ్మాయి

వెళ్లొచ్చాం. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక లేనివాళ్లు ఆఖరి పేరాకి వెళ్లిపోండి.

నాంపల్లిలో దిగగానే నాన్న నా కంటే ముందు నడిచారు. మోకాళ్లు ఎక్కడ పోయాయో తెలియదు. సందు దొరికింది. లాడ్జి లేదు, ఇరానీ హోటలూ లేదు. ఆ మూల మీద ఇప్పుడు ఫోన్ కవర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే కొట్టు. నాన్న దాని ముందు నిలబడి, "తలుపు ఇటు వైపు ఉండేది. గల్లా దగ్గర కూర్చున్నాయన తెల్లగా, పొడుగ్గా. టేబుళ్లు చలవరాయివి, చెయ్యి పెడితే జిల్లుమనేది" అని కొట్టువాడికే చెప్తున్నారు. ఆ పిల్లాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, ఓపిగ్గా విని, "టెంపర్డ్ గ్లాస్ వేయమంటారా అంకుల్?" అన్నాడు. నాన్న వేయించుకున్నారు. ఎందుకో నేనూ ఆపలేదు.

పెద్దమ్మ గారు చెప్పినట్టే ముందు ఆబిడ్స్ వెళ్లి అమ్మకి ఇడ్లీ, కాఫీ. అమ్మ నాలుగు ఇడ్లీలు తింది. ఇంట్లో రెండు దాటదు. వడ్డించే ఆయన్ని పిలిచి చట్నీలో వెల్లుల్లి లేదని మూడుసార్లు ఒప్పించుకుంది.

తర్వాత ఆటో మాట్లాడుకుని మళ్లీ నాంపల్లి వైపు. భట్టీ గారూ, మీరు నేర్పిన ప్రశ్నే అడుగుతూ వెళ్లాను. మొదటి చోట "అన్నీ రెడీగా ఉన్నాయి మేడమ్" అని ప్లాస్టిక్ ప్యాకెట్లు చూపించారు. రెండో చోట టై బిస్కెట్ అంటే తెలుసు గానీ ఇప్పుడు చేయడం లేదన్నారు. మూడోది బోర్డు మీద అక్షరాలు చెరిగిపోయిన చిన్న బేకరీ, గుమ్మం దగ్గర కట్టెల పేర్పు. ట్రే ఎన్నింటికి అంటే, అతను గోడ గడియారం చూసి "పావుగంట" అన్నాడు. నాన్నకి ప్లాస్టిక్ స్టూల్ వేశాడు. అమ్మ గుమ్మం బయటే నిలబడింది.

ట్రే వచ్చింది. నల్లటి రేకు మీద వరసలుగా, ఒక్కొక్కటీ నడుం దగ్గర మెలి తిరిగి. నాన్న చూసిన వెంటనే ఏమీ అనలేదు. కాలుతుండగానే ఒకటి తీసుకుని సగానికి విరిచారు. టప్ మని చప్పుడు, చొక్కా మీద పొట్టు. అప్పుడు నా వైపు చూసి "రాలింది" అన్నారు. అంతే. పొట్టు దులుపుకోలేదు. అలాగే అమీర్‌పేట దాకా మెట్రోలో వచ్చారు. పళ్ల కోసం టీలో ముంచుకోమంటే వినలేదు, నోట్లో పెట్టుకుని నానేదాకా ఊరుకున్నారు.

ఈలోపు గుమ్మం బయట నుంచి అమ్మ గొంతు: "పైన అండా లగాతే క్యా?" నేను ఇంట్లో చదివి వినిపించింది గుర్తుపెట్టుకుంది! పైన అన్నది తెలుగే అని తనకి తట్టలేదు. ఆ బేకరీ ఆయన చేతులు తుడుచుకుంటూ, "లేదమ్మా, పఫ్‌లకే పూస్తాం. ఆ బ్రష్ కూడా వేరు, చూడండి" అని అచ్చ తెలుగులో చెప్పి బ్రష్ తెచ్చి చూపించాడు. వాళ్లది మహబూబ్‌నగర్ అట. అమ్మ ఒక్క ముక్క విరుచుకుంది. తర్వాత ఇంకో ముక్క. తర్వాత నాన్న చేతిలో మిగిలిన సగం.

మొజంజాహీ మార్కెట్‌కి కూడా వెళ్లాం. సీతాఫలం ఐస్‌క్రీమ్ ఒక కప్పు, మూడు చెంచాలు. నాన్న వాటా ఎక్కువైంది, ఆ రాత్రి మాత్ర వేసుకున్నారో లేదో నేనే చూశాను. రెడ్‌హిల్స్ వెళ్లలేకపోయాం, ఎండ ఎక్కింది.

అరకిలో కాగితం సంచిలో పోయించుకున్నాం. ఇల్లు చేరేసరికి తొమ్మిది మిగిలాయి. వాటిని స్టీలు డబ్బాలో పెట్టి అమ్మ పైన గుడ్డ కట్టింది.

ఇప్పుడు ఇంకో ఆదివారం ఉంది. ఈసారి అడుగుతున్నది అమ్మ. ఆ బేకరీ అద్దాల వెనక గుండ్రంగా, లోపల కొబ్బరి, ఎర్రటి పండు ముక్కలు పెట్టి త్రికోణాలుగా కోసిన రొట్టె ఒకటి చూసిందట. "అదేంటో కనుక్కో, అందులో అండా ఉందేమో కూడా" అంటోంది. ఎవరికైనా తెలుసా?


భట్టీ పక్కిల్లు

అది దిల్‌పసంద్, కొన్ని చోట్ల దిల్‌ఖుష్ అంటారు. కొబ్బరి, టూటీ ఫ్రూటీ, చక్కెర లోపల పెట్టి కాలుస్తారు. పైన మెరుస్తుంటే మాత్రం బ్రష్ అడగండి, సొన పూసి ఉండొచ్చు. పాలు పూసే వాళ్లూ ఉన్నారు. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లండి, పొద్దున ట్రేలో అది రాదు.